హేజెల్‌కోట్‌లో చెప్పులు విప్పిన మనిషి

ఇంగ్లండులో లిటిల్ హేజెల్‌కోట్ అని ఒక పల్లెటూరు ఉంది. ఆ దేశంలోనే దాని పేరు విన్నవాళ్లు తక్కువ. మా తార్నాకలో మాత్రం చాలామందికి తెలుసు. వీధి చివర ఇస్త్రీ చేసే పేరయ్యకు తెలుసు. మందుల షాపాయనకు తెలుసు. పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడకకు వచ్చే రిటైర్డ్ ఉద్యోగులందరికీ తెలుసు. తెలిసేలా చేసింది మావారు, తెలుగు ప్రొఫెసర్ రవికాంత్ గారు. ఆ ఊరి మీద ఆయన రాసిన యాత్రాగ్రంథానికి చాలా పేరొచ్చింది. ఆ పుస్తకం చదివినవాళ్లకు ఊరితో పాటు నేనూ తెలుసు. పరాయి దేశంలో పచ్చిమిరపకాయల కోసం ఏడ్చిన ఆవిడని నేనే.

నా పేరు సుధామయి. పుస్తకంలో ఆ పేరు ఎక్కడా లేదు. అందులో నేను 'మా ఆవిడ'ని.

మేము ఆ ఊరికి వెళ్లి చాలా ఏళ్లయింది. కంపెనీ రోజుల్లో ఎవరో దొర మన వైపు నుంచి పట్టుకుపోయిన తాళపత్రాలు అక్కడి ఒక పట్నం లైబ్రరీలో పడి ఉన్నాయి. వాటిని చదివి పెట్టమని మావారిని పిలిచారు. పట్నంలో అద్దెలు భరించలేనంత ఉండటంతో, బస్సు దూరంలో ఉన్న లిటిల్ హేజెల్‌కోట్‌లో ఒక రాతి ఇల్లు ఇప్పించారు. నేను అప్పటిదాకా సీతాఫల్‌మండి దగ్గర ఒక మిషన్ బడిలో సోషల్ పాఠాలు చెప్పేదాన్ని. ఉద్యోగం మానుకుని ఆయన వెంట వెళ్లాను. కోటలు, మఠాలు, రాజులు అని పిల్లలకు బోర్డు మీద గీసి చూపించిన దాన్ని. కళ్లతో చూడొచ్చని సంబరపడ్డాను.

మావారికి రెండు భయాలు. ఒకటి చలి, రెండోది కుక్కలు. ఆ ఊళ్లో రెండిటికీ కొదవలేదు. ప్రతి ఇంటికీ ఒక కుక్క. నడిచే దారులన్నీ గొర్రెల పొలాల మధ్యగా, గేట్లు తీసుకుంటూ, వేసుకుంటూ పోవాలి. ఆయన లైబ్రరీ ఉన్న రోజు బస్టాపు దాకా వెళ్లేవారు, మళ్లీ బస్టాపు నుంచి ఇంటికి వచ్చేవారు. మిగతా రోజుల్లో హీటరు పక్కన కుర్చీ వేసుకుని, మఫ్లరు చుట్టుకుని కూర్చునేవారు. ఉన్నన్నాళ్లూ ఆ ఊళ్లో బస్టాపు దాటి ఆయన అడుగు వేయలేదు. ఈ మాట నేను ఎవరి ఎదుట అయినా చెప్పగలను.

నేను తిరిగాను. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, పైన ఆయన పాత స్వెట్టరు, కాళ్లకు కాన్వాసు బూట్లు. పక్కింట్లో మార్గరెట్ అని ఒక ముసలావిడ ఉండేది. భర్త పోయాడు. తోడుకి ఒక గోధుమ రంగు కుక్క. మొదటి రోజు గోడ మీదుగా పలకరించింది, రెండో రోజుకి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. నా ఇంగ్లిషు తరగతి గది ఇంగ్లిషు, ఆవిడది అచ్చం పల్లెటూరి ఇంగ్లిషు. సగం అర్థమయ్యేది కాదు. అయినా ఇద్దరం ఆగకుండా మాట్లాడుకునేవాళ్లం.

ఊరి వెనక గుట్ట ఉంది. గుట్ట చుట్టూ మట్టి కట్టలు, ఒకదాని లోపల ఒకటి. రాజులు, రాజ్యాలు పుట్టక ముందు అక్కడి జనం శత్రువులకు భయపడి కట్టుకున్నవట. ఎక్కేసరికి ఊపిరి అందలేదు. పైన నిలబడితే గాలికి చీర నిలవలేదు. గుట్టకు అవతల పాడుబడ్డ మఠం. పైకప్పు లేదు, గోడలున్నాయి, లోపల గొర్రెలు మేస్తున్నాయి. ఒక రాజుకి కోపం వచ్చి దాన్ని పడగొట్టిస్తే, ఊళ్లోవాళ్లు ఆ రాళ్లు మోసుకుపోయి ఇళ్లు కట్టుకున్నారట. మా ఇంటి పొయ్యి గూటి పక్కన పువ్వు చెక్కిన రాయి ఒకటి ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. వాగు మీద సన్నటి రాతి వంతెన ఉంది. గుర్రాల వీపున వేలాడే మూటలు తగలకుండా దాని పిట్టగోడలు మోకాలి ఎత్తుకే కట్టారు.

అన్నిటికంటే నాకు నచ్చింది చర్చి. లోపల ఒక గోడంతా నరకం బొమ్మ. దాని మీద ఎవరో సున్నం కొడితే వందల ఏళ్లు కనబడకుండా ఉండి, మళ్లీ బయటపడిందట. మన యమభటుల్లాంటి వాళ్లు పాపాత్ములను పొడుచుకుంటూ తోలుకుపోతున్నారు. ఆ గుంపులో కిరీటాలు, పెద్ద టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. ఆ బొమ్మ వేసినవాడి మీద నాకు గౌరవం కలిగింది. ఒక మూల ఎవరో వీరుడి సమాధి, రాతిలో చెక్కిన మనిషి పడుకుని ఉన్నాడు, కాళ్ల దగ్గర రాతి కుక్కపిల్ల. తరతరాల పిల్లలు నిమిరి నిమిరి దాని చెవులు అరిగిపోయాయి. నేనూ నిమిరాను.

సాయంత్రం ఇంటికొచ్చి ఇవన్నీ ఆయనకు చెప్పేదాన్ని. నిజం చెప్పాలంటే మా కాపురంలో అవే మంచి రోజులు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నా మాట అంత శ్రద్ధగా వినలేదు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, 'ఆ గొర్రెలు లేచి చూశాయా, పడుకునే ఉన్నాయా?' అని కూడా అడిగేవారు. గాలి ఏ వైపు నుంచి వచ్చిందని అడిగేవారు. ఇంత వయసు వచ్చాక మొగుడికి నా మీద ప్రేమ పుట్టిందనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో.

హైదరాబాదు తిరిగొచ్చిన ఏడాదికి పుస్తకం వచ్చింది. వంటింట్లో నిలబడి చదివాను. గుట్ట ఎక్కింది ఆయనే. గాలికి ఎగిరింది ఆయన పంచె. గొర్రెలు లేచి ఆయన్ని చూశాయి. రాతి కుక్క చెవి నిమిరింది, జీవితంలో వీధికుక్కను చూసి కూడా రోడ్డు దాటిపోయే ఆ మనిషి. నా కళ్లు, నా కాళ్లు, నా ఆయాసం, అన్నీ ఆయనవైపోయాయి. అంతవరకైతే పళ్లు నూరి ఊరుకునేదాన్నేమో. చదివేవాళ్లకు కాస్త నవ్వు ఉండాలని 'మా ఆవిడ'ని కూడా పెట్టారు. పొలంలో దిష్టిబొమ్మను మనిషనుకుని గుడ్ మార్నింగ్ చెప్పింది మా ఆవిడట. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపి మరీ చెప్పింది ఆయన. పచ్చిమిర్చి లేక పప్పు సహించక కళ్లనీళ్లు పెట్టుకుంది మా ఆవిడట. అలా పెట్టుకున్నది ఆయన. నేను వానలో బస్సెక్కి పట్నం పోయి, వెతికి వెతికి నాలుగు మిరపకాయలు తెచ్చి ఆయన కంచంలో పెట్టాను.

అడిగాను. హాస్యం అన్నారు. పాఠకుడికి భార్య పాత్ర కావాలన్నారు. 'నీకు హాస్యం తెలీదు సుధా' అని పేపరు తిరగేశారు.

ఇక తార్నాక అంతా నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వులో చెడు లేదు, నాకు తెలుసు. కూరగాయల దగ్గర మిర్చి ఏరుతుంటే వెనక నుంచి ఎవరో కిసుక్కుమంటారు. పేరయ్య చీరలు మడతపెడుతూ, 'ఆ దేశంల మిర్చి దొర్కదంట గద అమ్మా, పాపం' అంటాడు. క్యాంపస్ నడకలో కొత్తవాళ్లకు నన్ను పరిచయం చేసేటప్పుడు ప్రొఫెసర్ గారి భార్య అనరు, పచ్చిమిర్చి మేడం అంటారు. ఆయన పక్కనే ఉండి, నేను చిన్నపిల్లనైనట్టు నా భుజం తడతారు. ఆ చెయ్యి విరిచేయాలనిపించేది. మంచినీళ్లు తాగి ఊరుకునేదాన్ని. మార్గరెట్ పోయిందని వాళ్ల మేనకోడలు ఫోనులో కబురు పెట్టిన రోజు, నన్ను ఆ గుట్ట మీద చూసిన ఒక్క మనిషీ పోయిందని ఏడ్చాను. ఆయన 'దేనికేడుస్తున్నావు, మిర్చి అయిపోయిందా?' అన్నారు. ఆ మాట నేను ఈ జన్మకి మర్చిపోను.

కిందటేడు డిగ్రీ పిల్లల తెలుగు పాఠ్యపుస్తకం మార్చాలని ఒక కమిటీ వేశారు. పాఠాలు ఏరే పెద్దమనిషి లక్ష్మీనర్సయ్య గారు. జనగామ వైపు నుంచి వచ్చి, చదువుకుని, లెక్చరరై, ప్రిన్సిపాలై దిగిన మనిషి. మావారి పుస్తకంలోంచి ఒక అధ్యాయం పెడదామన్నారు. ఏది పెట్టాలో మావారే ఎంచారు. నా పచ్చిమిర్చి అధ్యాయం.

ఆ సాయంత్రం ఆయన ఉత్సాహంగా పాఠం చివర అభ్యాసాలు కూడా తయారుచేసి, నాకు చదివి వినిపించారు. ఒక మార్కు ప్రశ్న: 'రచయిత భార్య దేని కోసం ఏడ్చింది?' కింద నాలుగు జవాబులు. అమ్మ కోసం, చలికి, పచ్చిమిర్చి కోసం, ఇంటి బెంగతో. సరైనది గుర్తించుము.

మా కింది వాటాలో కరుణ ఉంటుంది, బ్యాంకు ఉద్యోగం. వాళ్ల కూతురు ఆ ఏడే డిగ్రీలో చేరింది. ఆ పిల్ల పరీక్ష హాల్లో కూర్చుని నా ఏడుపుకి టిక్కు పెడుతుంది. ఆ పిల్ల ఒక్కతే కాదు. ఏటేటా, ఊరూరా, నేను పోయాక కూడా పిల్లలు టిక్కులు పెడుతూనే ఉంటారు. నేను చూసిన ఊరు ఆయనకి, ఆయన ఏడుపు నాకు, అచ్చులో శాశ్వతంగా.

"ఆ పాఠం మార్చండి. ఇంకేదైనా ఇవ్వండి," అన్నాను.

"నువ్వు లేకపోతే అందులో నవ్వేముంది? ఎవరికీ తెలియని దానివి, నా పుస్తకం వల్ల నలుగురికీ తెలిశావు. సంతోషించు," అన్నారు.

మళ్లీ అడగలేదు. ఆ క్షణం నుంచి నేను ఆయన్ని పడగొట్టే దారి ఒక్కటే వెతికాను. వంట చేస్తూ వెతికాను, గుడికి పోయి దణ్ణం పెడుతూ వెతికాను. దేవుడు తప్పు పడతాడని కూడా అనిపించలేదు.

దారి ఆయనే తెచ్చి చేతిలో పెట్టారు. హేజెల్‌కోట్ నుంచి గ్రెగరీ అనే దంపతులు హైదరాబాదు వస్తున్నారు. గ్రెగరీ గారి ముత్తాతో ఎవరో సికింద్రాబాదులో పని చేసి ఇక్కడే పోయాడు, ఆ సమాధి చూసుకోవాలని. మార్గరెట్ పోయాక ఆ ఊరికి వచ్చి స్థిరపడినవాళ్లు కాబట్టి మమ్మల్ని ఎరగరు. ఇంటర్నెట్‌లో ఆ పుస్తకం సంగతి చూసి మావారికి మెయిలు పెట్టారు. ఆయన ఎగిరి గంతేశారు. పుస్తకం రెండో ముద్రణ సభ క్యాంపస్‌లో ఏర్పాటు చేయించి, ఆ ఊరివాళ్ల చేతుల మీదుగానే విడుదల అని కార్డులు వేయించారు. అదే సభలో పాఠం ఎంపిక సంగతి లక్ష్మీనర్సయ్య గారు ప్రకటిస్తారని కూడా.

అయితే ఆ పెద్దమనిషి ఒక మాటన్నారట. పాఠంలో గుట్ట ఉంది, వంతెన ఉంది, పిల్లలకు మతసామరస్యం కూడా తెలియాలి, చర్చిలో మీరు ప్రార్థనకు కూర్చున్న ఘట్టం ఒకటి చేర్చమని. సరేనన్నారు మావారు. కానీ చర్చి లోపల ప్రార్థన ఎలా జరుగుతుందో నేనప్పుడు చెప్పలేదు, ఆయన అడగలేదు. గోడ మీద బొమ్మలు, సమాధి, అంతవరకే. ఆయన సీలేరు ప్రాజెక్టులో పుట్టి పెరిగిన కోస్తా బ్రాహ్మడు. ఏ చర్చి గడపా తొక్కలేదు.

నేను బెండకాయలు తరుగుతుంటే వచ్చి కూర్చున్నారు. "లోపల ఎలా ఉంటుంది సుధా? ఆదివారాలు నువ్వు వెళ్లేదానివిగా?"

కత్తిపీట ఆపలేదు. సీతాఫల్‌మండిలో మా బడి పక్క చర్చి గుర్తు తెచ్చుకున్నాను. క్రిస్మస్‌కి టీచర్లందరం వెళ్లేవాళ్లం. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి హేజెల్‌కోట్‌లో పెట్టాను. గుమ్మం ముందు చెప్పులన్నీ కుప్పగా విడిచిపెట్టి లోపలికి వెళతారన్నాను. నేల మీద పెద్ద చాపలు పరిచి ఉంటాయన్నాను. మగవాళ్లు ఎడమ పక్క, ఆడవాళ్లు కుడి పక్క, ఆడవాళ్ల తలల మీద ముసుగు. చివర్లో అందరూ లేచి చప్పట్లు కొడుతూ పాడతారు.

ఆయనకి కొంచెం అనుమానం వచ్చింది. సినిమాల్లో బల్లలుంటాయి కదా అన్నారు.

"అవి లండన్ చర్చిల్లో. ఇది పల్లెటూరు కదండీ," అన్నాను.

పల్లెటూరు అనేసరికి ఆయనకి నమ్మకం కుదిరింది. పల్లెటూరంటే చాపలే. పల్లెటూరి జనమంటే చెప్పులు విప్పేవాళ్లే. మనవాళ్లకి అందులో వింతేముంది? కానీ ఆ చలిలో బూట్లు విప్పుతారా అని మాత్రం అడిగారు.

"దేవుడి దగ్గర చలేమిటి?" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. అబ్బ, అన్నారు. లేచి వెళ్లి ఆ మాటే రాసుకున్నారు. మర్నాటికి ఘట్టం సిద్ధమైంది. నాకు వినిపించారు కూడా. చాలా బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఆయనకి రాయడం వచ్చు, అందులో అన్యాయం మాట్లాడను. బెండకాయ వేపుడు ఆ పూట నాకు ఎంతో రుచిగా అనిపించింది.

సభ రోజు హాలు నిండింది. నడక మిత్రులు, పాత విద్యార్థులు, తార్నాక వాళ్లు. కరుణ కూతుర్ని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. గ్రెగరీ గారు పొడుగ్గా, ఎండకి ఎర్రబడి ఉన్నారు. ఆయన భార్య నూలు చీర కొనుక్కుని, ఎవరి చేతో కట్టించుకుని వచ్చింది. వాళ్ల పక్కన ఇంగ్లిషు లెక్చరర్ జ్యోతిర్మయి కూర్చుని ప్రతి మాటా చెవిలో చెబుతోంది. గ్రెగరీ గారి భార్యని ఊళ్లో ఏం చేస్తారని నేను టీ దగ్గర అడిగాను. చర్చిలో పూలు సర్దడం, ఊడవడం తన వంతేనంది. ఇంకేం కావాలి నాకు?

మన సభల్లో మొగుడికి సన్మానమంటే పెళ్లాన్ని కూడా వేదిక ఎక్కించాలి. రెండు కుర్చీలు వేసి, పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరికీ కలిపి ఒకటే పెద్ద శాలువా కప్పుతారు. ఆవిడ తల వంచుకుని నవ్వాలి. మైకులో కుర్రాడు, 'మన పచ్చిమిర్చి అమ్మగారిని కూడా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం' అన్నాడు. హాలంతా నవ్వింది. మావారు చెయ్యి అందించారు. పట్టుకుని ఎక్కాను. శాలువా కప్పారు. ఒళ్లో పళ్లబుట్ట పెట్టారు. తల వంచుకుని నవ్వాను.

తర్వాత కొత్త ఘట్టం చదవడానికి పరుశురాం లేచాడు. మావారి దగ్గర పరిశోధన చేస్తున్నాడు, కంచు గొంతు. 'ఎముకలు కొరికే ఆ ఆదివారం ఉదయం, చర్చి గుమ్మం ముందు చెప్పుల కుప్పలో నా చెప్పులు కూడా విడిచి, చల్లని రాతినేల మీద వట్టి కాళ్లతో అడుగుపెట్టాను' అని మొదలుపెట్టాడు. చాపలు వచ్చాయి. ముసుగులు వచ్చాయి. 'చలి వేయడం లేదా అని మా ఆవిడ వణుకుతూ అడిగింది. దేవుడి దగ్గర చలేమిటి అన్నాను' అనేసరికి చప్పట్లు మోగాయి. ఎవరో కళ్లు తుడుచుకున్నారు. నేను గ్రెగరీ గారి భార్యను మాత్రమే చూస్తున్నాను. జ్యోతిర్మయి చెవిలో చెప్పేకొద్దీ ఆవిడ కనుబొమలు దగ్గరవుతున్నాయి. ఒకసారి, మళ్లీ చెప్పమన్నట్టు జ్యోతిర్మయి వైపు తిరిగింది.

లక్ష్మీనర్సయ్య గారు ఆవిడని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆవిడ మంచిది, ఎవరినీ నొప్పించాలని లేదు. మా ఊరిని ఇంతమంది ప్రేమించడం ఆశ్చర్యమని మెచ్చుకుంది. ఆ తర్వాత, ఒక చిన్న సందేహం, అంది. తమ చర్చిలో చెక్కిన బల్లలున్నాయి, కొన్ని వందల ఏళ్లవి. చాపలు తానెప్పుడూ చూడలేదు. మగా ఆడా కలిసే కూర్చుంటారు. ఇక బూట్లు విప్పడం అంటారా, హీటరు పాడై కిందటి చలికాలం తాను రెండు జతల మేజోళ్ల మీద బూట్లు వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోయాయి. ఇది ఏ చర్చి గురించి రాశారో తెలుసుకోవచ్చా అంది.

జ్యోతిర్మయి తెలుగులో చెప్పడానికి చాలాసేపు తీసుకుంది. చెప్పింది.

మావారి వైపు చూశాను. మెడ మీద చెమట పట్టింది. ఊరి బయట ఇంకో చర్చి ఉందని, అందులో అని ఏదో అన్నారు. జ్యోతిర్మయి అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఊరికి ఒకటే చర్చి, చుట్టుపక్కల వాటిలోనూ ఇలాంటిది తెలియదంది.

లక్ష్మీనర్సయ్య గారు మైకు దగ్గరికి జరిగారు. కోపం లేదు గొంతులో. పిల్లలకు పాఠం చెప్పిన మనిషి కదా, విషయం తేలాలి ఆయనకి.

"సార్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకున్రి. మీరు ఆ చర్చిలకి పోయిన్రా, పోలేదా?"

మావారు నా వైపు తిరిగారు. మోచేత్తో పొడిచారు. ఏదో ఒకటి చెప్పి నన్ను ఒడ్డున పడెయ్ అని ఆ కళ్లలో ఉంది. వానలో మిరపకాయలు తెమ్మన్నప్పుడు కూడా ఆ కళ్లు అలాగే ఉన్నాయి. నేను పళ్లబుట్టలో బత్తాయిలు చూస్తూ కూర్చున్నాను.

"ఈవిడ... మా ఆవిడ అలా చెప్పిందండీ," అన్నారు ఆయన. ముందున్న మైకు ఆ మాటను హాలంతా పంచిపెట్టింది.

అప్పుడు తల ఎత్తాను. "ఏది చెప్పాను?"

"ఈ చెప్పులు, చాపలు..."

"అవొక్కటేనా?"

ఆయనకి కోపం వచ్చింది. తప్పు నా నెత్తిన వేసి బయటపడాలన్న కంగారులో ఏం మాట్లాడుతున్నారో చూసుకోలేదు. కోపం వస్తే ఆయనకి ఎదురుగా ఎవరున్నారో కనబడదు. ఇన్నేళ్ల కాపురంలో నేను నేర్చుకున్నది అదే, నమ్ముకున్నదీ అదే.

"అంతా నువ్వు చెబితేనే కదా రాశాను! గుట్టా నువ్వే చెప్పావు, మఠమూ నువ్వే చెప్పావు. అవన్నీ సరిగ్గా చెప్పి, ఇదొక్కటీ ఇలా ఎందుకు చెప్పావు?"

అన్నాక తెలిసింది ఆయనకి. మైకు కుయ్యిమంది. పరుశురాం కాగితాలు పట్టుకుని నేల చూస్తున్నాడు. గ్రెగరీ దంపతులకు ఎవరూ ఏమీ చెప్పలేదు, జ్యోతిర్మయి మర్చిపోయింది. సంతోషమంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. జాలి కలుగుతుందేమోనని కాసేపు చూశాను. కలగలేదు.

ముందు వరసలో కరుణ లేచి నిలబడింది. "అయితే సార్, గుట్ట ఎక్కింది సుధక్కనే గద. మరి మిర్చికి ఏడ్సిందెవ్వరు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ ఆయన వైపు చూశారు. నేను ఒక్క మాటతో చెప్పేయగలను. చెప్పలేదు. ఆయన నోటితోనే రావాలి. రాలేదు. కానీ ఆ కిందికి దించుకున్న ముఖం చూసినవాళ్లకి జవాబు అక్కర్లేకపోయింది.

లక్ష్మీనర్సయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సభకు క్షమాపణ చెప్పారు. ఈ పాఠం పుస్తకంలో పెట్టడం కుదరదని, పిల్లలకు చూడనిది చూసినట్టు నేర్పలేమని అన్నారు. తర్వాత నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగి అడిగారు. "అమ్మా, ఊరు చూసింది మీరు. పాఠం జాగ ఖాళీగనే ఉన్నది. మీరు రాస్తరా?"

శాలువా కింద మావారి చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. గట్టిగా కాదు. వద్దు అన్నట్టు. "సుధా," అన్నారు చిన్నగా. పేరు పెట్టి నన్ను ఎవరైనా బతిమాలడం అదే మొదటిసారి.

ఆ చెయ్యి తీసి ఆయన ఒళ్లో పెట్టాను. మైకు నా వైపుకి తిప్పుకున్నాను, అందరికీ వినబడాలని.

"రాస్తానండీ," అన్నాను. "అందులో మావారు కూడా ఉంటారు."